రొయ్య తాగని మడుగు

వేట నిషేధం రోజుల్లో పడవలు ఒడ్డెక్కి కూర్చుంటాయి. మేమూ అంతే. ఆ వేసవి మైపాడులో వల బాగుచేసుకుంటున్న నన్ను మా బామ్మర్ది పెంచలకృష్ణ వచ్చి లేపాడు. వాడికి చిన్నప్పటినుంచీ పడవెక్కితే వాంతులు. అందుకే సముద్రాన్ని వదిలి వెలిగొండల కింద ఒక నిమ్మతోటలో పనికి కుదిరాడు. కొండ మీద పెద్ద మడుగుంది, చూపిస్తానని ఏటా అంటాడు.

"రా బావా. ఎన్నాళ్లని ఈ ఉప్పుగాలికి ఎండుచేప మాదిరి పడుంటావు?"

నేను వల ముడి బిగించాను. నా భార్య మాలకొండమ్మ అప్పటికే మూట కట్టేసింది. మా కుక్క ఎవరూ పిలవకుండానే వాడి ట్రాలీ ఆటోలో ఎక్కి కూర్చుంది. తోక రొయ్యలాగా చుట్టుకుని ఉంటుంది. దాని పేరే రొయ్య.

ఆ రాత్రి తోటలో పడుకుని, తెల్లారుతూనే కొండెక్కడం మొదలుపెట్టాం. ఇసుకలో నడిచిన కాళ్లు నావి. రాళ్ల మీద తడబడ్డాయి.

"బావా, అట్ట ఈడవబాక. కాలెత్తి వెయ్యి. నీ వల్ల కాదులే గానీ, ఎత్తుకోమంటావా?"

"నాకు వాంతులు రాలేదుగా," అన్నాను.

మాలకొండమ్మ రాయి మీద కూలబడి పకపకా నవ్వింది. "రేయ్, ఎందుకురా ఆయన్ని కదిలిస్తావు? ఒక్క మాటంటాడు, అది నీ నెత్తిన పడుద్ది."

సగం దూరంలో ఎండ ముదిరింది. రెండు సీసాల నీళ్లు తెచ్చాం. పొదుపుగా తాగుదామని నేను మూత బిగిస్తుంటే పెంచలకృష్ణ లాక్కున్నాడు.

"పైన సముద్రమంత నీళ్లుంటే ఇంకా మోసేదేంది? తాగెయ్యక్కా."

తాగేశాం. అప్పుడు రొయ్య ఒక ఉడుమును తరుముకుంటూ పొదల్లో ఉంది. అది నాలుక వేలాడేసుకుని వచ్చేసరికి సీసాలు ఖాళీ. పైన తాగుతుందిలే అనుకున్నాం.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మడుగు కనిపించింది. చుట్టూ నల్లరాళ్లు, మధ్యలో నీలంగా నీళ్లు. ఊట ఉంది కాబట్టి వేసవిలోనూ ఎండదట. చూడగానే ఒంట్లోని అలసట దిగిపోయింది. నేను వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నాను. నోరు పుక్కిలించి పక్కకు ఊశాను.

రొయ్య నా వెనకే వచ్చింది. నీళ్ల అంచున వాసన చూసింది. వెనక్కి తిరిగి ఒక రాయి నీడలో పడుకుంది.

అది పిల్లగా ఉన్నప్పుడు సముద్రం నీళ్లు తాగి చావుదాకా వెళ్లొచ్చింది. అప్పటినుంచి ఇంట్లో మట్టిమూకుడులో పోసినవే తాగుతుంది. పెద్ద నీళ్లలో మూతి పెట్టదు. ఆ సంగతి మాకు అప్పుడు గుర్తుకొచ్చింది. సీసాతో ముంచి దోసిట్లో పోస్తే మొహం తిప్పుకుంది. టిఫిను గిన్నెలో పెడితే లేచి అవతలికి పోయింది. నోరు తెరిచి పోద్దామంటే దవడ బిగించేసింది. దాని కాళ్లు వణుకుతున్నాయి. నాలుక నల్లబడుతోంది.

పెంచలకృష్ణ నవ్వు ఆగిపోయింది. "ఎత్తుకొని కిందికి పోదామా బావా?"

"ఈ ఎండలోనా? దారిలోనే పోద్ది రా," అంది మాలకొండమ్మ. దాని తల ఒళ్లో పెట్టుకుని కాసేపు నన్నే చూసింది.

"ఏమయ్యా, ఇందాక మొకం కడుక్కోని ఏం చేసినావు?"

"కడుక్కున్నా."

"ఊసినావా లేదా?"

ఆలోచించాను. "ఊసినా."

"అదీ సంగతి! దినామూ ఒడ్డున నీ ఎనకనే తిరిగే కుక్కయ్యా. నువ్వు ఊసినావంటే అయ్యి ఉప్పునీళ్లేనని దానికి లెక్క."

పెంచలకృష్ణ వెంటనే మడుగు దగ్గర కూర్చుని గుటగుటా తాగాడు. "ఆహా! చెరుకురసం మాదిరి ఉండాయి రొయ్యమ్మా!" రొయ్య వాడివైపు చూడను కూడా లేదు. మాలకొండమ్మ తాగింది. ఆమెనీ చూడలేదు. నన్నే చూస్తోంది.

"నిన్నే నమ్ముద్ది అది. పో, తాగు. మింగాల!"

దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకున్నాను. మింగుడు పడలేదు. చెయ్యి నీళ్లు ముంచిందంటే నోరు ఊసేస్తుంది, సముద్రం మీద పుట్టినప్పటినుంచీ అదే అలవాటు. మళ్లీ ఊశాను.

"నీ నోట్లో మన్నుబడ!" అని మాలకొండమ్మ నెత్తి కొట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు.

ఇక చేతులతో పని కాదనుకున్నాను. రాతి మీద బోర్లా పడుకున్నాను. చేతులు వెనక్కి కట్టుకుని, మూతి నీళ్లలో ముంచి పీల్చాను. చల్లగా లోపలికి దిగింది. మింగాను. తియ్యగా ఉంది. ఇంకో గుక్క తాగాను. ఇంకోటి.

వెనకనుంచి రాతి మీద గోళ్ల చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. నేను తల తిప్పలేదు. నా చెంపకు వేడిగా ఊపిరి తగిలింది. ఆ తర్వాత చెవి పక్కనే చప్ చప్ మని నాలుక చప్పుడు. నా మొహమంతా తుంపర.

"తాగుతా ఉండాది! అక్కా, తాగుతా ఉండాది!" పెంచలకృష్ణ అరిచాడు. మాలకొండమ్మ ఏడుస్తూ నవ్వుతోంది.

చాలాసేపటికి రొయ్య నీళ్లలోకి దిగి, మునిగి, ఒడ్డుకొచ్చి అందరి మీదా విదిలించింది.

"బావా, ఇంక లెయ్. అది ఎప్పుడో తాగేసింది," అన్నాడు వాడు.

"ఉండరా. నాకింకా దప్పిక తీరలా," అని మళ్లీ మూతి ముంచాను.