రెండు వందల పదిహేడో నంబరు

మారెక్కను నలభై ప్రశ్నలు చంపాయి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. డాక్టరు కాగితంలో ఊపిరితిత్తులు అని ఉంది. డాక్టర్లు అలాగే రాస్తారు. గొంతు కోసి చంపినా రక్తం పోయిందని రాస్తారు.

ఆ ప్రశ్నలు తయారు చేసినవాడి పేరు నరహరి. ప్రొఫెసరు. మనుషుల మనసును కొలవడం అతని చదువు. శింగనమల చెరువు కింద మడి దున్నేవాళ్ల ఇంట్లో పుట్టాడు. ఆ మట్టి కడుక్కోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. బాగానే కడుక్కున్నాడు. మనసును ఎలా కొలవాలో రాసి డాక్టరేటు తీసుకున్నాడు. ఆ కొలతను ఎందుకు నమ్మాలో ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకాన్ని మెచ్చుకుంటూ అతని శిష్యులు ఇంకో పుస్తకం రాశారు. ఇన్నేళ్లలో చేతిలో కాగితం లేకుండా అతను ఒక మనిషితో మాట్లాడగా చూసినవాళ్లు లేరు.

నేను రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టర్ని. పేరు సుంకన్న. మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. నా భార్య మారెక్క అదే యూనిట్లో మిషన్ మీద జేబులు కుట్టేది. అందరం కలిసి నాలుగు వందల పన్నెండు మందిమి.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో తాగడానికి నీళ్లు లేవని మావాళ్లు రెండు గంటలు మిషన్లు ఆపారు. అంతే జరిగింది. ఓనర్ తిప్పేష్‌కు భయం పట్టుకుంది. మొదట ఎవరు ఆపారో ఎంత అడిగినా ఎవరూ చెప్పలేదు. అందుకని చెప్పించడం వృత్తిగా ఉన్నవాణ్ని తెచ్చాడు.

నరహరి తెచ్చిన కాగితం పేరు సహన సూచిక. అందులో నలభై మాటలు. ఒక్కో మాటకు ఐదు గడులు. అస్సలు ఒప్పుకోనంటే ఒకటో గడి, పూర్తిగా ఒప్పుకుంటానంటే ఐదో గడి నింపాలి. చదువు రానివాళ్లకు చదివి నింపడానికి మాలో ఐదుగురిని పెట్టారు. నా వరుసలో మారెక్క వచ్చింది. ఆమె నంబరు రెండు వందల పదిహేడు.

"సూపర్‌వైజర్ అరిచినా నాకు కోపం రాదు," అని చదివాను.

"రాదని వానికి ఎవురు చెప్పినారు?"

"మే, గడి చెప్పు."

"వస్తాది. బాగా వస్తాదని రాయి."

ఒకటో గడి నింపాను.

"తాగే నీళ్లు ఆలస్యమైనా నా మనసు ప్రశాంతంగా ఉంటుంది."

"ఇది రాసినోడు యాడుండాడు? మన ఈది బోరు కాడికి తోలుకొని రా. బిందె చేతికిచ్చి నిలబెడతా. వాని ప్రశాంతం చూస్తా."

వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఒకటో గడి నింపాను.

"నేను జన్మలో అబద్ధం చెప్పలేదు."

"మా యమ్మకు చెప్పినా. నీకూ చెప్పినా. చెప్పనోళ్లు యాడుంటారప్పా?"

మళ్లీ ఒకటి. అది ఉచ్చు ప్రశ్న అని తర్వాత తెలిసింది. జన్మలో అబద్ధం చెప్పలేదన్నవాళ్ల కాగితాన్ని నమ్మరు, పక్కన పెడతారు. మారెక్క నిజం చెప్పింది కాబట్టి ఆమె కాగితాన్ని నమ్మారు. నిజానికి దొరికిన బహుమానం అది.

నలభయ్యో మాట: "నాకు కష్టం వస్తే నా వైపు నిలబడేవాళ్లు ఉన్నారు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఐదు పెట్టు," అంది.

నేను వేరే గడులు నింపగలిగేవాణ్ని. ఆమెకు తెలిసేది కాదు. కానీ పరీక్షలో దొంగతనం చేయకూడదని మా బడిలో అయ్యవారు బెత్తంతో నేర్పాడు. ఆ బెత్తం నలభై రెండేళ్ల వయసులో కూడా నా చేతిని కదలనివ్వలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు నింపాను. పాలేరు నిజాయితీ ఎప్పుడూ దొరకే ఉపయోగపడుతుంది.

మారెక్కకు యాభై తొమ్మిది మార్కులు వచ్చాయి. సహనం తక్కువ అని తేలినవాళ్లు అరవై మూడు మంది. అందరినీ మిషన్ల మీది నుంచి లేపి వాషింగ్ షెడ్డుకు పంపారు. కొత్త ప్యాంటును పాతదానిలా చేసే చోటు అది. బ్లీచింగు నీళ్లు, ఊదా రంగు మందు. ఆ మందును గన్నుతో ప్యాంట్ల మీద కొడుతుంటే పొగమంచులా లేస్తుంది. షెడ్డుకు రెండే కిటికీలు. వాసన వస్తోందని పక్కవాళ్లు గొడవ చేస్తే తిప్పేష్ ఆ రెంటికీ రేకులు కొట్టించాడు. ముక్కుకు కట్టుకోవడానికి మా దగ్గర కత్తిరింపు గుడ్డలు తప్ప ఏమీ లేవు.

అక్కడ ఎనిమిది నెలలు చేసింది. తర్వాత దగ్గు. బళ్లారికి తీసుకుపోయాను. తిరిగి తెచ్చింది శవాన్ని.

ఆ కాలంలోనే నరహరి మా మార్కుల మీద మూడు వ్యాసాలు అచ్చు వేయించాడు. సింగపూర్ సభకు పోయి వచ్చాడు. శాలువా కప్పించుకున్నాడు. ఆ ఫోటోను తిప్పేష్ ఆఫీసు గోడకు తగిలించాడు. రోజూ దాని కింద నిలబడి హాజరు వేయించుకున్నాను.

ఈ ఏడాది ఒక శనివారం నరహరి మళ్లీ వచ్చాడు. వెంట అతని దగ్గర పరిశోధన చేసే జయంతి ఉంది. తనకల్లు పక్క మెట్ట రైతుల పిల్ల. మమ్మల్నందరినీ నిలబెట్టి పాత జాబితా చదివింది. కొందరు బెంగళూరు పోయారు, కొందరు మానేశారు. మూడు వందల ఎనభై మంది మిగిలాం.

"రెండు వందల పదిహేడు?"

జయంతి తలెత్తి వరుసలు చూసింది.

"రెండు వందల పదిహేడు, మారెక్క?"

"సచ్చిపోయింది," అన్నాను.

ఆ పిల్ల కలం ఆగింది. నరహరి జాబితాలోకి తొంగి చూశాడు. "రాలిపోయిన నమూనా అని రాయమ్మా. ఒకటి రెండు రాలితే ఫలితానికి ఏమీ కాదు," అన్నాడు.

రాలిన ఆకును కూడా ఎవరూ నమూనా అనరు.

తర్వాత మాకు ఉపన్యాసం ఇచ్చాడు. అదే కాగితాన్ని అదే మనుషులకు మళ్లీ పెడితే అవే మార్కులు రావాలట. అప్పుడే కొలత గట్టిదట. అందుకే సోమవారం మళ్లీ పరీక్ష. చివర నవ్వుతూ అన్నాడు: "ఒకరిది చూసి ఒకరు రాయకండి. మీరంతా ఒకేలా రాస్తే నా దగ్గర ఏమీ మిగలదు. మనిషికీ మనిషికీ ఉన్న తేడాయే నా కొలతకు ప్రాణం."

ముప్పై ఏళ్ల చదువు తన తాళంచెవిని తానే మా ముందు పారేసింది.

నా పక్కన మాబున్నీసా ఉంది. మారెక్కతో పాటు వాషింగ్‌కు పోయిన మనిషి. దగ్గుతూనే నా మోచేతిని పొడిచింది. "ఏమప్పా సుంకన్నా, ఇన్యావా? వాని ప్రాణం యాడుండాదో వాడే చెప్పినాడు."

టీ దగ్గర జయంతిని నిలదీశాం. మొదట తల వంచుకుంది. తర్వాత చెప్పింది.

"ఇది గట్టిదని తేలితే అన్ని ఊళ్లలో యూనిట్లకు ఇదే పెడతారన్నా. సార్‌కు పెద్ద పదవి వస్తాది. వాషింగ్‌లో ఉన్నోళ్లు ఇంక జన్మంతా వాషింగే. కాగితం ఎప్పుడు పెట్టినా వాళ్ల మార్కు అదే అంటారు."

"అందరం ఒకటే రాస్తే?"

"లెక్క కుదరదు. తేడా సున్నా అయితే కంప్యూటర్ కూడా చేతులెత్తేస్తాది."

ఆదివారం పొద్దున కొండ కింద బండల మీద కూర్చున్నాం. మూడు వందల మందికి పైగా వచ్చారు. సైడ్ కుట్టు వేసే ఓబులేష్ మొదట లేచాడు.

"అందరం ఐదు పెడదాం. సహనం ఉండాదని రాద్దాం. అందరికీ మంచి మార్కులే. ఎవున్నీ వాషింగ్‌కు తొయ్యలేరు."

కొందరు చప్పట్లు కొట్టారు. మాబున్నీసా లేచింది.

"థూ! నీ తెలివికి తెల్లారింది. అందరికీ ఐదొస్తే వాడేమంటాడు? నా వల్లే ఈళ్లకు సహనం వచ్చిందంటాడు. ఇంకో శాలువా కప్పుకుంటాడు. తిప్పేష్ నీళ్ల క్యాన్లు కూడా బంద్ చేస్తాడు, ఈళ్లకు సహనం ఎక్కువ కదా అని."

"మరి తక్కువ రాస్తే అందర్నీ వాషింగ్‌కు తోస్తాడు కదమ్మా?"

"తొయ్యనీ. మూడు వందల ఎనభై మందినీ ఆ షెడ్డులో తోస్తే మిషన్ల మీద ఎవురు కూకుంటారు? తిప్పేష్ పెండ్లామా?"

నవ్వులు లేచాయి. ఓబులేష్ కూడా నవ్వాడు. కానీ కూర్చోలేదు. "సరేమ్మే. తక్కువంటే ఏ గడి? తలా ఒక గడి పెడితే తేడా వస్తాది కదా? ఎవురి జవాబులు రాద్దాం?"

నేను లేచాను.

"మారెక్కవి," అన్నాను.

"నీకు గుర్తుండాయా అన్నా?"

ఉన్నాయి. నా చేత్తో నింపినవి. బళ్లారి ఆసుపత్రి వరండాలో ఎన్నిసార్లు నింపుకున్నానో. ప్రతిసారీ గడులు మార్చి నింపుకున్నాను. ప్రతిసారీ ఆమె ప్రాణాలతో ఇంట్లోనే ఉండేది.

ఆ బండల మీద నిలబడి నలభై జవాబులూ చెప్పాను. మాట చెప్పి గడి చెప్పాను. ఆమె తిట్లు కూడా చెప్పాను, అవి లేకుండా నాకు గుర్తు రావు. బోరు దగ్గరి మాటకు నవ్వారు. తర్వాత నవ్వడం ఆగిపోయింది. నలభయ్యోదానికి గడి చెప్పలేదు. చేతి వేళ్లు ఐదూ చూపించాను. ఆమె చెప్పిన జవాబుల్లో అదొక్కటే అబద్ధం.

మాబున్నీసా ఒక జీన్స్ పేలిక మీద సూదితో గుర్తులు పెడుతూ వచ్చింది. ఒకటో గడికి ఒక కుట్టు, ఐదో గడికి ఐదు కుట్లు. నలభై వరుసలు. మధ్యాహ్నానికి ఇళ్లలో మిషన్ల మీద అలాంటివి మూడు వందల ఎనభై తయారయ్యాయి. చదువు రానివాళ్లు కూడా వేలితో తడిమి లెక్క పెట్టుకోగలరు. కుట్టే చేతులకు కుట్టు లెక్క ఒకరు నేర్పనక్కర లేదు.

సోమవారం చదివి నింపేవాళ్లు అక్కర లేదని ఎవరి కాగితం వాళ్లే తీసుకున్నారు. నరహరి వరుసల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు. తలలు వంచి రాస్తున్నవాళ్లను చూసి మురిసిపోయాడు. తిప్పేష్‌తో, "చూశారా ఎంత క్రమశిక్షణ!" అన్నాడు. ఒళ్లో గుడ్డ పేలికను తడుముతున్న మూడు వందల ఎనభై ఎడమ చేతులు అతనికి కనపడలేదు. కాగితం మీద లేనిది ఏదీ అతనికి ఎన్నడూ కనపడలేదు.

ఆఫీసులో జయంతి కాగితాలను మార్కులు లెక్కించే మిషన్లో పెట్టింది. తలుపు తెరిచే ఉంది. మేమంతా బయట నిలబడ్డాం.

యాభై తొమ్మిది. యాభై తొమ్మిది. యాభై తొమ్మిది.

"మిషన్ పాడైంది," అన్నాడు నరహరి.

"మిషన్ బాగానే ఉండాది సార్."

"దొంగ కాగితాలు తీసి పక్కన పెట్టు. మిగతావి చూద్దాం."

"ఏవి తీయాలి సార్? అన్నీ ఒకటే."

"సగం తీసెయ్. పాత మార్కులు ఎక్కించు. ఎవరు చూస్తారు?"

ఆ పిల్ల కుర్చీలోంచి లేచింది. "మీ బండిలోనే వచ్చినా సార్. పోయేటప్పుడు బస్సుకు పోతా," అంది. వచ్చి మా వరుసలో నిలబడింది.

అబద్ధం పట్టే ప్రశ్నలు రాసినవాడు అబద్ధం ఎక్కించమన్నాడు. ఈ ఒక్కటీ చాలు, అతని జీవితం కొలవడానికి. దీనికి గడులు అక్కర లేదు.

తిప్పేష్ పోలీసులకు ఫోన్ చేశాడు. ఎస్సై వచ్చాడు. కుట్ర అన్నారు. ఎస్సై మాబున్నీసాను అడిగాడు.

"ఈ జవాబులు ఎవురు చెప్పినారు?"

"రెండు వందల పదిహేడు."

పక్కనున్న ఓబులేష్‌ను అడిగాడు. "రెండు వందల పదిహేడు సార్," అన్నాడు. ఆ పక్క మనిషి అదే అన్నాడు. ఆ తర్వాత ఎస్సై అడగకుండానే వరుసలు వరుసలుగా చెప్పారు. అరుపు రేకుల కప్పుకు తగిలింది.

"ఎవురామె? పిలవండి," అన్నాడు ఎస్సై.

"పిలవండి సార్," అంది మాబున్నీసా. "మాకూ ఆమెతో పని ఉండాది."

జాబితా తిరగేశారు. రాలిపోయిన నమూనా అని ఉంది. చచ్చినదాన్ని అరెస్టు చేయలేక నన్నూ మాబున్నీసానూ జీపెక్కించారు. మిగిలినవాళ్లు స్టేషన్ దాకా నడిచి వచ్చారు. ఆ రోజు ఒక్క మిషన్ తిరగలేదు. మర్నాడూ తిరగలేదు. మూడో రోజు మాకు బెయిలు వచ్చేసరికి వాషింగ్ షెడ్డు కిటికీల రేకులు ఊడి నేల మీద ఉన్నాయి. షెడ్డులో పనిచేసేవాళ్లు తమ పాత మిషన్ల దగ్గర కూర్చుని ఉన్నారు. లెమ్మని చెప్పే ధైర్యం సూపర్‌వైజర్‌కు లేదు.

గెలిచామని నేను అనను. షెడ్డు ఇంకా ఉంది. వంతులు వేసుకుని అందరం చేస్తున్నాం. కేసు నడుస్తోంది. నరహరి ఇంకో ఊళ్లో ఇంకో నమూనా వెతుక్కుంటున్నాడని జయంతి చెప్పింది. వెతుక్కోనీ. అతనికంటే ముందు ఆ ఊరికి మా పేలిక చేరింది.

కేసు సంగతి విని వచ్చిన విద్యార్థులారా, మీరు మీ సభలో మైకు ముందు ఆ నలభై జవాబులూ చెప్పమన్నారు. పేలికలు ఉన్నాయి, పట్టుకుపోండి. వేళ్లున్నవాడు ఎవడైనా చదువుకోవచ్చు. నేను ఆ బండల మీద ఒకసారి చెప్పాను, ఇక్కడ ఆమె సంగతి ఒకసారి రాశాను. మారెక్క గురించి ఇక నన్ను అడగవద్దు. కోర్టు అడిగినా చెప్పను.