పాడే జంపఖానా

కొత్తవాడలో మా ఇంటికీ మరమగ్గాల షెడ్డుకూ ఒకటే గోడ. ఆ దడదడల్లో ఉప్పు కావాలన్నా అరిచే అడుగుతాం. కొత్తగా వచ్చినవాళ్లు పోట్లాట అనుకుంటారు.

పోయిన ఏడాది మోకాళ్ల నొప్పులతో మానేసేదాకా అమ్మ ఆ షెడ్డులోనే పనిచేసింది. నా కాలేజీ ప్రాజెక్టు కోసం పాత చేతిమగ్గం మళ్లీ బిగించి, నూలులో రాగి తీగ కలిపి జంపఖానా నేసి ఇచ్చింది. నేను దానికి చిన్న బోర్డు తగిలించి కోడ్ రాశాను. కాలు పెడితే చుట్టూ దీపాలు వెలుగుతాయి, స్పీకరు పాడుతుంది. గట్టిగా తొక్కితే గట్టిగా పాడుతుంది. మడికొండలో ప్రదర్శన రేపే.

మధ్యాహ్నం వాన మొదలైంది. నేను వాకిట్లో ఆరేసిన బట్టలు తీస్తుంటే లోపల స్పీకరు మోగింది. కురిసే ఇంటికప్పు, ప్లగ్గు దగ్గర టేపు ఊడిన వైరు ఒక్కసారే గుర్తొచ్చాయి. నా బద్ధకం తగలెయ్య!

"అమ్మా, దిగు! షాక్ కొడ్తది!"

జవాబు లేదు. పాట తెగి తెగి, తీరూ తెన్నూ లేకుండా మోగుతోంది. కరెంటు పట్టుకున్న మనిషి కాళ్లు అలాగే కొట్టుకుంటాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బట్టలు బురదలో పడేసి, "అమ్మా! అమ్మా!" అని అరుస్తూ పరుగెత్తి తలుపు నెట్టాను.

జంపఖానా పొడిగానే ఉంది. దాని మీద అమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దబదబా తొక్కుతోంది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు. నన్ను చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"చెడగొట్టిన్నా బిడ్డా? లైట్లే వస్తానయి. ఎంత తొక్కినా పాట వస్తలేదే!"

ఆ మోతకు నా చేతులు రెండూ చెవుల మీదే ఉన్నాయి.

ప్లగ్గు పీకే నెపంతో వెనక్కి వెళ్లాను. పాట ఆగాక "అమ్మా" అన్నాను. తిరగలేదు. గొంతు పెంచి మళ్లీ అన్నాను. అయినా తిరగలేదు. ఇన్నాళ్లుగా నా పెదవులు చూసే జవాబు చెబుతోందన్నమాట. ఇందాకటి భయం దీని ముందు ఏపాటిది! ఆమె ఎదురుగా వచ్చాను.

"నువ్వేం చెడగొట్టలే. నేనే కోడ్ తప్పు రాసిన."

"గట్లనా! నా పానం పోయిందనుకో." అమ్మ మంచం మీద కూలబడి నవ్వింది.

షెడ్డులో మగ్గాల దెబ్బకు గోడ మీది క్యాలెండరు ఊగుతోంది. అమ్మ అటే చూసింది.

"ఇగో నవతా, షెడ్డుల కొత్త మిషిన్లు తెచ్చిండ్రా ఏంది? ఈ నడుమ సప్పుడే చేస్తలేవు."