తెల్లపెట్టెలో కోడి

ఉదయం తొమ్మిది కొట్టగానే ఎల్గాన్ కొండ కింద ఉన్న ఆ ప్రాథమిక బడిలో రెండో తరగతి పిల్లలు వరసగా నిలబడతారు. వంతు వచ్చిన పిల్ల ఆవరణ మధ్య కంచె వేసిన చోటికి వెళ్ళి, అక్కడ నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె తలుపు తీస్తుంది. మునివేళ్ళ మీద లేచి, చెయ్యి లోపలికి పోనిచ్చి తడుముతుంది. వెచ్చగా తగిలినవాటిని తీసి గౌను ఒళ్ళో వేసుకుని హెడ్మాస్టరు గదికి పట్టుకెళ్తుంది. గుడ్లు. ఒకరోజు రెండు, ఒకరోజు మూడు.

దారిన పోయేవాళ్ళు ఇది చూసి ముచ్చటపడేవారు. పిల్లలకి బుద్ధి, క్రమం అలవాటవుతున్నాయనేవారు. ఆ పెట్టె కోళ్ళ కోసం చేసింది కాదనీ, గాలిలో వేడి కొలిచే థర్మామీటర్లు పెట్టడానికి చేసిందనీ, తొమ్మిది గంటలన్నది గుడ్లు తీసే వేళ కాదు, కొలత చూసి రాసే వేళ అనీ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఏ నలుగురో. ఆ నలుగురిలో ఒకడు ఖిసా. పెట్టె చేసిన వడ్రంగి అతనే.

ఖిసా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. రెండేళ్ళ కిందట జిల్లా వాతావరణ ఆఫీసు నుంచి ఒక కాగితం మీద పెట్టె బొమ్మ వచ్చింది. ఎన్ని అంగుళాలు, ఎంత ఎత్తు, చెక్కలు ఎంత వాలుగా ఉండాలి, అన్నీ అందులో గీసి ఉన్నాయి. గోడలకి ఒకదాని వెనక ఒకటి రెండు వరసల రెక్కలు ఎందుకని తెచ్చినవాణ్ణి అడిగాడు ఖిసా. ఎండ లోపలికి పడకూడదు, గాలి మాత్రం ఆడాలి, అప్పుడే అసలు వేడి ఎంతో తేలుతుందని అతను చెప్పాడు. ఖిసాకి ఆ మాట నచ్చింది. ఇన్నాళ్ళూ జనానికి మంచాలూ శవపెట్టెలూ చేశాడు. గాలికి ఇల్లు కట్టడం ఇదే మొదలు. ఒక్కో రెక్కని చిత్రికపట్టి, నునుపు చేసి, మూడు పూతలు తెల్లరంగు వేశాడు.

థర్మామీటర్లు దూదిలో చుట్టి వచ్చాయి. హెడ్మాస్టరు నమసాకా వాటిని ఒకసారి పైకెత్తి చూసి, గాజు సామాను పిల్లల చేతికిస్తే మిగులుతుందా అని ఇనపబీరువాలో పెట్టి తాళం వేశాడు. పెట్టె ఖాళీగా మిగిలింది. నెల తిరగకుండానే అందులో హెడ్మాస్టరు గారి కోళ్ళు చేరాయి. ఎండ తగలని చోటు, గాలి ఆడే చోటు, కోళ్ళకి మాత్రం చేదా?

ఖిసా చూశాడు. రెండేళ్ళు చూస్తూనే ఉన్నాడు. బడి బల్లలు చేసే పని హెడ్మాస్టరు చేతిలో ఉంది కాబట్టి నోరు మెదపలేదు. టీకొట్టు దగ్గర జనం "ఏం ఖిసా, నీ కోళ్ళ హోటల్లో గదులు ఖాళీ ఉన్నాయా?" అని ఎకసెక్కాలాడితే వాళ్ళతోపాటు తనూ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ కొండ కింది జనం పిల్లలకి పేర్లు పెట్టేది రుతువుని బట్టి. వానల్లో పుట్టినవాళ్ళకి వాన పేరు, కరువులో పుట్టినవాళ్ళకి కరువు పేరు. ఖిసా కూతురు ఎండల్లో పుట్టింది, నసిమియు అని పిలిచారు. ఏడేళ్ళది. ఒక సాయంత్రం ముద్ద తుంచుకోవడానికి కుడిచెయ్యి కంచంలో పెట్టలేక ఎడంచెయ్యి పెడుతుంటే తల్లి కసిరింది. పిల్ల కుడి అరచెయ్యి తెరిచి చూపించింది. రెండు బెత్తం వాతలు.

సంచిలోంచి పరీక్ష కాగితం బయటికి వచ్చింది. తెల్లపెట్టెలో ఏముంటుందో బొమ్మ గీసి పేరు రాయమని ప్రశ్న. నసిమియు కోడిని గీసింది. కోడి కింద మూడు గుడ్లు గీసింది. పక్కన 'కోడి' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. దాని మీద ఎర్రసిరాతో పెద్ద సున్నా ఉంది. ఈ పొగరు మానుకునేదాకా పిల్లని మూడో తరగతికి పంపేది లేదనీ, తండ్రి వచ్చి కలవాలనీ కింద హెడ్మాస్టరు రాశాడు.

"థర్మామీటర్ అని రాయాలని తెలీదా నీకు?" అన్నాడు ఖిసా.

"తెలుసు నాన్నా. అందరూ అదే రాశారు."

"మరి నీకేం వచ్చింది?"

"నేను చూళ్ళేదుగా. నేను పోయినప్పుడల్లా కోడే ఉంటది."

ఖిసా కోపం అప్పుడు కూతురి మీదే. బడిలో వాళ్ళకి కావాల్సింది రాసి తరగతి దాటాలనీ, తను అలా రాయలేకే ఇలా ఉలి పట్టుకున్నాననీ చాలాసేపు చెప్పాడు. పిల్ల బుద్ధిగా తలూపింది. అంతా విని, "సరే నాన్నా, థర్మామీటర్ అనే రాస్తా. మరి కోడి ఎక్కడుందని రాయాలి?" అని అడిగింది.

 పాఠకులారా, దీనికి మన దగ్గరైనా జవాబు ఉందా?

మర్నాడు హెడ్మాస్టరు అతన్ని కూర్చోమనలేదు. శుక్రవారం జిల్లా నుంచి వాతావరణ అధికారి వస్తున్నాడనీ, ఆయన ముందు పిల్ల నిలబడి సరైన జవాబు చెబితే తరగతి దాటిస్తాననీ, లేదంటే ఇంకో ఏడాది అక్కడే ఉంటుందనీ చెప్పాడు. ఈలోగా ఆ పెట్టె కడిగి రంగు వెయ్యమని కూడా పురమాయించాడు.

అలా తను నునుపు చేసిన రెక్కల మీద ఎండిన కోడిరెట్టని తన ఉలితోనే గీకాడు ఖిసా. గీకుతున్నంతసేపూ వరండాలో పిల్లల వల్లింపు వినపడుతూనే ఉంది. తెల్లపెట్టెలో ఏముంది? థర్మామీటర్. ఎంత వేడి ఉంది? ఇరవై అయిదు డిగ్రీలు. టీచరమ్మ నెలిమ అడుగుతోంది, నలభై గొంతులు చెబుతున్నాయి. పొద్దున్నా ఇరవై అయిదే, ఎండ మాడుస్తున్నా ఇరవై అయిదే.

శుక్రవారం అధికారి వచ్చాడు. పెట్టెలో థర్మామీటర్లు వేలాడుతున్నాయి. ఊరిపెద్దలూ తల్లిదండ్రులూ కంచె చుట్టూ చేరారు. ఒక్కో పిల్ల పెట్టె దగ్గరికి వచ్చి, తలెత్తి, పెట్టె అడుగుచెక్క వంక చూస్తూ "ఇరవై అయిదు" అని వెళ్తోంది. అధికారి తను వంగి చూసుకున్నాడు. ముప్పై ఒకటి. అయినా కాగితం మీద టిక్కు పెట్టాడు.

నసిమియు వంతు వచ్చింది. మునివేళ్ళ మీద లేచింది. ఇంకొంచెం లేచింది. దిగిపోయింది.

"కనపడట్లేదండీ."

"చెప్పమ్మా, ఇరవై..." అని అందించాడు హెడ్మాస్టరు. ఆ 'అమ్మా' వెనక ఉన్న పళ్ళు ఖిసాకి కనపడ్డాయి.

"నాకు అందట్లేదు సార్. కోడైతే చేత్తో తడిమితే తెలిసేది."

కంచె బయట ఎవరో కిసుక్కుమన్నారు. ఏ కోడి అని అధికారి అడిగాడు. పిల్ల ఊరికే కథలు చెబుతుందని, అవతల భోజనం చల్లారిపోతోందని హెడ్మాస్టరు అన్నాడు. ఖిసా ఉలికి చిక్కని ఒక ఈక రెక్కల సందులోంచి తొంగిచూస్తోంది. అధికారి దాన్ని రెండు వేళ్ళతో లాగి చూశాడు. చూసి, గాల్లోకి వదిలి, భోజనానికి నడిచాడు.

ఖిసా అది చూశాడు. తెలియనివాడు చేసిన తప్పుకి జాలిపడొచ్చు. ఈకని చేత్తో పట్టుకుని వదిలేసినవాణ్ణి ఏం చెయ్యాలి?

ఆఫీసుగదిలో మొక్కజొన్న ముద్ద, కోడికూర. వచ్చిన అతిథికి కోడి కొయ్యకపోతే ఆ నేల మీద తలెత్తుకోలేరు. ఆ కోడి కందనకాయ ఎవరి కంచంలో పడితే ఆ పూట వాళ్ళే పెద్ద. అధికారి కంచంలో పడాల్సిన ఆ ముక్కని హెడ్మాస్టరు గరిటెతో తీసి, ఒక క్షణం ఆగి, గుమ్మం దగ్గర నిలబడ్డ ఖిసాని పిలిచి కూర్చోబెట్టి అతని కంచంలో వేశాడు. పెట్టె చేసిన చెయ్యి ఇదే సార్, దీనికి తగినవాడు ఇతనే అన్నాడు. అధికారి తలూపాడు, పెద్దలు మెచ్చుకున్నారు. పెద్దల మధ్య ఖిసాకి ఆ మర్యాద ఎప్పుడూ దక్కలేదు. అతని తండ్రికీ దక్కలేదు.

ఖిసా ఆ ముక్క వంక చూశాడు.

"ఇది పెట్టెలో కోడేనా సార్?"

హెడ్మాస్టరు గరిటె దించేలోపే ఖిసా లేచి నిలబడ్డాడు.

"ఇదే అయ్యుంటది. నిన్నటిదాకా గుడ్లు పెట్టిందిగా, ఇవాళ సాక్ష్యం లేకుండా కూరైపోయింది." కంచం తీసుకెళ్ళి అధికారి ముందు పెట్టాడు. "మీరే తినండి. ఆ ఈక చూశాక కూడా ఆకలేసిందంటే ఇది మీకే చెందాలి. నేనేమీ గొప్పోణ్ణి కాదు సార్. రెండేళ్ళు అన్నీ చూసి నవ్వినోణ్ణి. మీ బొమ్మలో నాలుగడుగుల కాళ్ళు గీసుంటే అలాగే చేశాను. చదివేది పిల్లలు కదా, ఎక్కడానికి మెట్టు లేదేంటని మీరూ అనుకోలేదు, నేనూ అడగలేదు. మొత్తానికి నా పిల్ల ఒక్కతే నిజం రాసింది, దాని చెయ్యి వాచింది."

ఎవరైనా ఏదైనా అనేలోపే అతను వరండాలోని ఒక బల్లని భుజానికెత్తుకున్నాడు. తన చేత్తో చేసిన బల్లే. పెట్టె ముందు దాన్ని దించి, నసిమియుని చంకల కింద పట్టి దాని మీద నిలబెట్టాడు. ఎర్రగీత కొస ఎక్కడ ఆగిందో అక్కడ చూడమన్నాడు. మిగతాది అతనికీ సరిగ్గా తెలీదు. టీచరమ్మ నెలిమ అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉంది. ఇప్పుడు వచ్చి, పెద్ద గీతలు పదులనీ, చిన్న గీతలు ఒకట్లనీ చెప్పింది. బెత్తం పట్టిన చెయ్యి ఆమెదే.

పిల్ల ఒక్కో గీత మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు."

వెనకే వచ్చిన అధికారి గబగబా వంగి చూశాడు. నిజమే. భోజనం వేళకి వేడి ఒక డిగ్రీ పెరిగింది. ఆ అంకె పిల్లతో ఎవరూ వల్లె వేయించలేదు.

ఆ తర్వాత బల్ల ఎక్కడానికి నలభై మంది పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. అధికారి రిపోర్టులో ఏం రాశాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. నసిమియు మూడో తరగతికి వెళ్ళింది. అంతమంది చూశాక ఆపే ధైర్యం హెడ్మాస్టరుకి లేకపోయింది. బల్లల పని మాత్రం వేరే వడ్రంగికి పోయింది. ఖిసా మిగిలిన చెక్కతో రెండు మెట్ల పీట చేసి పెట్టె ముందు భూమిలో పాతాడు, ఎవరూ ఎత్తుకుపోకుండా. ఇప్పుడు తొమ్మిదింటికి అంకె రాస్తారు. ఒక్కోసారి తప్పు రాస్తారు, మర్నాడు దిద్దుకుంటారు.

దేశాల పేర్లు వేరు కావచ్చు గానీ, బీరువాలో తాళం పడ్డ చదువు లేని చోటు ఏది? కొలవడమంటే అంకె కాదు, గాజుగొట్టం కాదు. ఉన్నది ఉన్నట్టు చూసి, చూసింది చూసినట్టు చెప్పడం. అలా చెప్పిన పిల్ల అరచేతి మీద బెత్తం పడే బడిలో ఎన్ని థర్మామీటర్లు వేలాడదీసినా అది కోళ్ళగూడే.