తల్లి కూర్చుని తిన్న దృశ్యాలు

"బొమ్మల సినిమాల మీద పరిశోధన ఏంటి? అమ్మాయితో కూర్చుని చూస్తే చాలదా?" అన్నాడు చిజురు భర్త కజుఒమి, ఖాళీ సూప్ గిన్నె ముందుకు జరుపుతూ. ఇంకాస్త పొయ్యమని దానర్థం.

చిజురు పోసింది. బిడ్డ పుట్టకముందు తొమ్మిదేళ్లు ఆమె టోక్యోలో ఒక యానిమేషన్ స్టూడియోలో పనిచేసింది. ఒక కదలికకు మొదటి బొమ్మా చివరి బొమ్మా పెద్ద చిత్రకారుడు గీస్తే, మధ్యలోవన్నీ ఆమె గీసేది. తెరమీద చెయ్యి కదిలిందంటే ఆమె వల్లే. కడుపుతో ఉన్నప్పుడు "ఇంటిపట్టున ఉంటే బిడ్డకి మంచిదమ్మా" అంది అత్తగారు. స్టూడియోవాళ్లు అదే మాట ఇంకాస్త మర్యాదగా అన్నారు. నలభై రెండో ఏట యూనివర్సిటీలో సినిమా చదువుకి చేరితే, "సరదా తీర్చుకోనీలే" అని చుట్టాల దగ్గర నవ్వాడు కజుఒమి. సరదా! నాలుగున్నరకి లేచి, లంచ్ డబ్బాలు సర్ది, అత్తగారి మోకాళ్లకి పట్టీలు వేసి, రైల్లో నిలబడి చదువుకునే సరదా.

ఆ రోజు పరిశోధనాంశం ఖాయం చేసుకోవాలి. ఆమెకంటే ముందు లోపలికెళ్లిన కుర్ర విద్యార్థికి ప్రొఫెసర్ నిషిగాకి 'యానిమేషన్‌లో చలనం' అనే అంశం ఇచ్చాడు. తర్వాత చిజురు కురాతా వంతు వచ్చింది.

"కుటుంబ చిత్రాల్లో మాతృప్రేమ. మీకైతే తేలిక, కురాతా గారూ. ఇంట్లో రోజూ చేసేదేగా."

"నలభై మూడు సినిమాలు చూశానండీ, లెక్కపెట్టుకుంటూ. తల్లి వండే దృశ్యాలు రెండు వందల పైచిలుకు. కూర్చుని తినేవి నాలుగు. వాటిలో రెండింట్లో ఆవిడ చనిపోయి, పిల్లల కలలోకి వచ్చింది. దీని మీద రాస్తాను."

ఆయన నవ్వాడు. "కోపంతో పరిశోధన చెయ్యకూడదు. అయినా, అమ్మ కూర్చుని తింటుంటే ఎవరు చూస్తారండీ?"

చిజురుకి ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆయన మీదే అయితే బాగుండేది. స్టూడియోలో దర్శకుడి మాట గుర్తొచ్చింది: "మొహం అక్కర్లేదు, వీపు చాలు. వీపులోనే అమ్మతనం కనపడాలి." పొయ్యి దగ్గర నిలబడ్డ ఆ వీపుని పదిహేడుసార్లు గీయించాడు. బాగా కుదిరిందని అందరూ మెచ్చుకుంటే ఆమె పొంగిపోయింది కూడా. ఎందరు ఆడపిల్లలు ఆ వీపుని చూసి పెరిగారో! తన కూతురు, మూడేళ్లప్పుడు, అమ్మని గీయమంటే వెనకనుంచే గీసింది.

ఆమె దరఖాస్తు ముందుకు లాక్కుని, గైడ్ గడిలో ఆయన పేరు కొట్టేసింది.

"ఏం చేస్తున్నారు?"

"వేరే గైడ్‌ని వెతుక్కుంటానండీ."

"ఎవరూ దొరక్కపోతే?"

"వచ్చే ఏడు మళ్లీ వెతుకుతాను."

నిజంగానే ఒక ఏడాది పోయింది. కజుఒమి ఎత్తిపొడుపులకి కొదవ లేదు. చివరికి మరో ఊరి యూనివర్సిటీలో ఒకావిడ ఒప్పుకుంది. మొదటి అధ్యాయంలో మొదటి వాక్యం రాయడానికి చిజురుకి పదకొండు రోజులు పట్టింది:

"ఈ వీపులు గీసింది నేనే."