మొదటి హారన్

బ్రెమ్‌వెల్ ఊరివాళ్ళ తీరే అంత. ఏదైనా నడుస్తున్నన్నాళ్ళూ దాని మొహం చూడరు, మూతపడ్డాక మాత్రం దానికోసం గుండెలు బాదుకుంటారు. మూన్‌గ్లో డ్రైవ్-ఇన్ సంగతీ అంతే అయింది. కార్లలో కూర్చుని సినిమా చూసే ఆ మైదానం చివరి రోజుల్లో పట్టుమని పది కార్లు కూడా రాక ఈగలు తోలుకుంది. అది మూతపడ్డ ఇన్నేళ్ళకు, స్థలం కొన్న విత్తనాల కంపెనీవాళ్ళు పాత తెరను పడగొట్టి గోదాము కడతారని తెలిసింది. అంతే, ఊరంతా కళ్ళొత్తుకోవడం మొదలెట్టింది. అయ్యో మా మూన్‌గ్లో, అయ్యో డిక్కీలో దాక్కుని లోపలికి దూరిన మా చిన్నతనం, అయ్యో మా మొదటి ముద్దు! కాఫీ హోటల్లో అదే గోల, చర్చి మెట్ల మీద అదే గోల.

మార్లిస్ టీటెన్ ఆ గోలలో కలవలేదు. ఆ తెర ఎప్పుడు కూలుతుందా అని ఎదురుచూసిన మనిషి ఆ ఊళ్ళో ఆవిడ ఒక్కతే. ఏ పనిమీద ఊరు దాటాల్సి వచ్చినా అది కంటపడకుండా మొక్కజొన్న చేల మధ్య మట్టిరోడ్డున చుట్టు తిరిగి వెళ్ళేది. ఎందుకంత చుట్టు అని ఎవరైనా అడిగితే ఆ దారి బాగుంటుందనేది. బాగుండటం కూడానా! వానొస్తే ట్రాక్టరే దిగబడే దారి అది.

పోన్లే, పీడా విరగడవుతుంది అనుకుంటుండగా వీడ్కోలు సభ ఒకటి వచ్చిపడింది. ఆగస్టు చివరి ఆదివారం సాయంత్రం అందరూ కార్లు తెచ్చి పాత వరసల్లోనే నిలపాలట. తిండి, కబుర్లు అయ్యాక, పొద్దు తెర వెనక్కి దిగగానే అందరూ ఒక్కసారిగా హారన్లు మోగించి మూన్‌గ్లోను సాగనంపాలట. ఈ మాట చెవిన పడ్డప్పుడు మార్లిస్ చర్చి వంటగదిలో కప్పులు కడుగుతోంది. చేతిలో కప్పు జారి సింకులో పడింది. ఆ హారన్ల మోత ఇంకోసారి వింటే తను బతకదనిపించింది. మాటవరసకి అనుకున్నది కాదు, నిజంగానే అనిపించింది.

శుక్రవారం పొద్దున పక్కింటి డెల్బర్ట్ రూడ్ పెరటి తలుపులోంచి తొంగిచూశాడు.

"ఉన్నావా మార్లిస్, నన్ను చూసి దాక్కున్నావా?"

"దాక్కోడానికి చోటెక్కడుంది? ఇల్లంతా నువ్విచ్చిన జుకినీ కాయలేగా."

"ఇంకో నాలుగు తెచ్చాలే. తినలేకపోతే ఎవరి గుమ్మంలోనో పెట్టేసి పారిపో. నేను చేస్తున్నదీ అదే."

డెల్బర్ట్‌ను చూస్తే ఎవరికీ కోపం రాదు. మంచు కురిసిన పొద్దుల్లో తన వాకిలి కంటే ముందు మార్లిస్ వాకిలి శుభ్రం చేసే మనిషి. మార్చిలో అతని భార్య ఆర్డిస్ పోయింది. అప్పట్నుంచి చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంటున్నాడు. నోరు మాత్రం తగ్గలేదు. నోరు కూడా మూస్తే ఇంట్లో ఇంకేం చప్పుడుంటుంది పాపం.

"నీతో ఓ పని పడింది, కాదనకూడదు," అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"ముందు అదేంటో ఏడువు."

"ఆదివారం మొదటి హారన్ నువ్వు కొట్టాలి. నువ్వు కొట్టాకే మిగతావాళ్ళు అందుకుంటారు. సభ నడిపించే కొరీన్‌కి చెప్పేశా కూడా."

మార్లిస్ వీపు తిప్పి కాఫీ పోయసాగింది. "నేనెందుకూ? ఆలోచన నీది, నువ్వే కొట్టుకో."

"నాకెక్కడిదీ ఆలోచన! ఇదంతా ఆర్డిస్ కోసం. నీకు తెలుసుగా ఆ కథ."

ఆమెకు తెలియకపోవడమేం? ఏటా వాళ్ళ పెళ్ళిరోజున డెల్బర్ట్ ఆ కథ ఎత్తుకునేవాడు, ఏటా సరిగ్గా అప్పుడే మార్లిస్ గిన్నెలు కడగాలంటూ లేచిపోయేది. ఈసారి లేవడానికి దారి లేదు. అతను తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు.

"అప్పటికి నేనీ ఊరివాణ్ణే కాదు. రోడ్డు పనికొచ్చిన కూలివాణ్ణి. ఆ రాత్రి మూన్‌గ్లోలో ఎలాగైనా ఆర్డిస్‌ని అడిగెయ్యాలని ఉంగరం జేబులో పెట్టుకుపోయా. తీరా అడిగే వేళకి అది కుట్టుదారాల్లో ఇరుక్కుని బయటికి రాదే! చెమటలు పట్టేశాయనుకో. ఉంగరం తర్వాత చూపిస్తాగానీ పెళ్ళి చేసుకుంటావా అనేశా. ఆర్డిస్ సరేనంది. అనడం ఏంటి, రీలు కాలి తెర తెల్లబడిపోవడం ఏంటి! పక్కనున్న నీలం కార్లో ఒకావిడ రెండు చేతులూ హారన్ మీదేసి నొక్కడం మొదలెట్టింది. మమ్మల్నే చూస్తూ, మార్లిస్! నేను చెయ్యూపి నవ్వి నా హారనూ నొక్కా. ఇంకేముంది, మైదానం మైదానమంతా అందుకుంది. రీలు కాలినందుకు కొట్టారని నాకు తెలీదా? అయినా ఆ మోత మా కోసమే అనిపించింది. ఆవిడెవరో కనుక్కుని థాంక్స్ చెప్పాలని ఎంత తిరిగానో. ఆర్డిస్‌నడిగితే, నీ మొహం తప్ప నాకేం కనిపించలేదు పొమ్మంది."

కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "మీ ఆయన గోర్డన్ పోయిందీ ఆ రాత్రేగా. నీ ముందు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు నేను. ఇంటికెళ్తూ దారిలో అయింది కదా... అంతకుముందు అతనూ ఆ హారన్లు విని నవ్వుకునే ఉంటాడు. చివరిసారి నవ్వింది అక్కడేనేమో. అందుకే నువ్వు కొట్టాలంటున్నా. ఇద్దరి పేరా."

అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోయబోయి మార్లిస్ బల్ల మీద ఒలకబోసింది. "చూద్దాంలే," అంది. ఆ మాటతో అతను సంతోషంగా వెళ్ళిపోయాడు. ఆవిడ కాఫీ ఒలికినచోటే కూర్చుండిపోయింది.

ఆ నీలం కారు గోర్డన్‌ది. చిన్నప్పుడు వచ్చిన జ్వరం గోర్డన్ గుండెను పాడుచేసి పోయింది. పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. స్టీరింగ్ ముందు కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమె ఒళ్ళోకి ఒరిగిపోయాడు. మొదట హాస్యమాడుతున్నాడనుకుంది. తర్వాత అతని ఊపిరి గరగరమనడం విని హాస్యం కాదని తెలిసింది. లేద్దామంటే మనిషి బరువంతా ఆమె మీదే ఉంది. అరిచింది. ప్రతి కారు కిటికీకీ సినిమా స్పీకరు వేలాడుతోంటే ఆమె అరుపు ఎవరికి వినిపిస్తుంది? అందుకని అతని మీదుగా వంగి రెండు చేతులతో హారన్ నొక్కింది. అప్పుడే ఆ దిక్కుమాలిన రీలు కాలింది. పక్క కార్లో ఒక కుర్రాడు ఆమెకేసి చూశాడు. హమ్మయ్య, చూశాడు, వస్తున్నాడు అనుకుంది. కుర్రాడు చెయ్యి ఊపి, నవ్వి, తన హారన్ నొక్కాడు. ఆ వెనక ఊరు మొత్తం. ఆమె ఎంత నొక్కితే వాళ్ళు అంత నొక్కారు. ఆ పండగ మోతలో గోర్డన్ ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆమెకు వినిపించనే లేదు. అన్నిటికంటే ఎక్కువ కాల్చింది అదే.

తెర మీద బొమ్మ మళ్ళీ పడ్డాక ఎలాగో అతణ్ణి పక్కకు నెట్టి, తనే కారు నడిపి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఎక్కడ జరిగిందమ్మా అని నర్సు అడిగితే, ఇంటికెళ్తూ దారిలో అంది. అన్ని కార్ల మధ్య ఉండి ఒక్కణ్ణి పిలవలేకపోయావా అంటారేమోనని ఆ క్షణంలో భయపడింది. ఆ అబద్ధమే ఊరికి నిజమైంది. మర్నాటినుంచి జనం వంటకాలు పట్టుకుని వచ్చారు. బంగాళాదుంపల క్యాసరోల్ తెచ్చినవాళ్ళూ హారన్ కొట్టినవాళ్ళే, ఆమెను కావలించుకుని ఏడ్చినవాళ్ళూ హారన్ కొట్టినవాళ్ళే. అందరూ మంచివాళ్ళు. అదే ఆమె ఖర్మ. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి ఊరుకునేది.

మరుసటి వసంతంలో ఆర్డిస్ పెళ్ళికి వెళ్ళింది. పెళ్ళికొడుకు చర్చి మెట్లమీంచి జనానికి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి, ఆ నవ్వు చూసి మార్లిస్ గోడ పట్టుకుంది. ఆ పెళ్ళికొడుకు కొనడానికి ఊళ్ళో ఇంకో ఇల్లే దొరకనట్టు ఆమె పక్కిల్లు కొన్నాడు.

ఆదివారం తలనొప్పని చెప్పి తప్పించుకోవాలనుకుంది. కానీ డెల్బర్ట్ గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని, బూట్లు మెరిపించుకుని వచ్చి పికప్ ట్రక్కు తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆ గుండీలు చూశాక ఆమెకు అబద్ధం నోట రాలేదు. ఎక్కింది.

మైదానంలో గడ్డి కోశారు. తెర మీద తెల్లరంగు పెచ్చులూడి రేకులు బయటపడ్డాయి. కార్లు వరసలు కట్టాయి. హామ్ శాండ్‌విచ్‌లు, నిమ్మరసం, తీయటి పండ్ల పైలు. పాతికేళ్ళు కనబడనివాళ్ళు కూడా వచ్చి వీపులు చరుచుకుంటున్నారు. వచ్చినవాడల్లా రీలు కాలిన రాత్రి గురించే చెబుతున్నాడు. అబ్బ, ఏం మోత అది, పక్క ఊరిదాకా వినబడిందట! మార్లిస్ ప్రతి ఒక్కరికీ తల ఊపింది.

పొద్దు వాలుతుండగా డెల్బర్ట్ ఆమెను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను పక్కసీట్లో కూర్చున్నాడు. కొరీన్ మైకు పట్టుకుంది. ఒకప్పుడు మార్లిస్ దగ్గర కుట్టుపని నేర్చుకున్న పిల్ల. "అందరూ సిద్ధమేనా? మార్లిస్ గారు మొదలుపెడతారు. ఆవిడ కొట్టేదాకా ఎవరూ తొందరపడకండి!" అంది.

మైదానం నిశ్శబ్దమైంది. మార్లిస్ చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

"నొక్కు మార్లిస్," అన్నాడు డెల్బర్ట్ మెల్లగా.

"నీలం కారన్నావు కదూ."

"ఏంటీ?"

"నీ పక్కనున్నది. అది మాదే డెల్బర్ట్. హారన్ కొట్టింది నేనే."

అతని మొహం వెలిగిపోయింది. "నువ్వా! ఓసి నీ... ఇన్నేళ్ళు పక్కింట్లో ఉండి ఒక్క ముక్క చెప్పలేదే! ఆర్డిస్ వినుంటే ఎగిరి గంతేసేది కదే!" ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి లాక్కున్నాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. "థాంక్స్ మార్లిస్. థాంక్స్. అబ్బా, ఎన్నాళ్ళకి చెప్పగలిగాను!"

ఇక్కడితో ఆపెయ్యొచ్చు. అతని సంతోషం అతనికి వదిలేసి, ఒక్కసారి కళ్ళు మూసుకుని నొక్కేస్తే అయిపోతుంది. ఆమె నిజంగానే రెండో చెయ్యి ఎత్తింది. అది హారన్ మీద పడకముందే కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీద కోపమో ఆమెకే తెలియదు. ఒక్కరికైనా తెలియకుండా చచ్చిపోవడం ఇక తనవల్ల కాదనిపించింది.

"గోర్డన్ నా ఒళ్ళో ఉన్నాడు," అంది.

"ఆ, ఉండే ఉంటాడు..."

"దారిలో కాదు, డెల్బర్ట్. ఇక్కడే. నిన్నే పిలిచాను నేను. ఎవరైనా వస్తారని కొట్టాను. నువ్వు చూశావు, చెయ్యి కూడా ఊపావు."

 ఆమె చెయ్యి పట్టుకున్న అతని వేళ్ళు పట్టుకున్నట్టే ఉన్నాయి, మొహంలో మాత్రం రక్తపు చుక్క లేదు. "నేను నవ్వాను," అన్నాడు. "మార్లిస్, నేను నవ్వాను కదా."

"నీకేం తెలుసు. నువ్వు పిల్లాడివి."

"నవ్వి, నేనే మొదలెట్టా..."

వెనక వరసల్లో ఎవరికో ఓపిక నశించింది. ఒక హారన్ కూసింది. ఇంకొకటి దానికి బదులిచ్చింది. మూడోది వినబడేసరికి మైదానమంతా విరుచుకుపడింది. మార్లిస్ రెండు చెవులూ మూసుకుని స్టీరింగ్ మీదికి వంగిపోయింది.

డెల్బర్ట్ తలుపు తోసుకుని దిగాడు. గడ్డిలో తూలుతూ కార్ల ముందుకు పరుగెత్తాడు. ఆ వయసులో అది పరుగూ కాదు, నడకా కాదు. చేతులు రెండూ పైకెత్తి ఆపండి, ఆపండి అని అరుస్తున్నాడు. మార్లిస్ తలెత్తి అద్దంలోంచి చూసింది. అతని నోరు కదలడం కనబడుతోంది, మాట మాత్రం వినబడటంలేదు. ఒక కారు బానెట్ మీద రెండు చేతులతో బాదాడు. అందులో ఉన్న మొగుడూ పెళ్ళాలు పడీపడీ నవ్వారు. ఆర్డిస్ పోయాక మనిషి మళ్ళీ ఇంత హుషారుగా కనబడ్డందుకు అందరికీ సంబరంగా ఉంది. కొరీన్ మైకు చంకలో పెట్టుకుని చప్పట్లు కొడుతోంది.

అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని వరస మధ్యలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముందు కార్లోవాళ్ళు అతనికి చెయ్యి ఊపి, ఇంకా గట్టిగా నొక్కారు.

మార్లిస్ తలుపు తెరుచుకుని పరుగెత్తింది.