లస్మక్క గొంతును దాచిన డబ్బా

నేను ఒక నల్లటి డబ్బాను. టీవీ కింద అరలో కూర్చుని, మిద్దె మీది డిష్షు పట్టిన బొమ్మల్ని చూపిస్తూ, దాచమన్నవాటిని నాలో దాచుకునే రకం. మామూలు సెట్‌టాప్ బాక్సులు చూపిస్తాయి, మరిచిపోతాయి. నా కడుపులో మాత్రం ఒక డిస్కు తిరుగుతూ ఉంటుంది. దాని మీద పడ్డది పడ్డట్టే ఉంటుంది. మనుషులకు ఇది పెద్ద వరంలా తోస్తుంది. వాళ్ళు మరిచిపోలేక ఎంత అవస్థ పడతారో నేను దగ్గరుండి చూశాను కాబట్టి, నాకు అంత నమ్మకం లేదు.

ఏదో పెద్ద నగరం చివర ఒక షెడ్డులో, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. అక్కణ్ణుంచి లారీలో బెల్లంపల్లి బజారుకు, సదానందం దుకాణానికి చేరాను. చాలాకాలం అద్దాల బీరువాలోనే ఉన్నాను. నాకంటే చవకవి, చిన్నవి అమ్ముడుపోతుంటే చూస్తూ ఉండేవాణ్ణి.

ఒకరోజు ఓదెలు వచ్చాడు. బొగ్గు బాయిలో పనిచేసే మనిషి. రిటైరు కావడానికి దగ్గరపడ్డ వయసు. కనురెప్పల అంచున ఎంత కడిగినా పోని మసి. ముందురోజు కొనుక్కుపోయిన డబ్బాను బల్లమీద పెట్టాడు.

“సేటు, ఇది మా ఇంట్ల పనిజేస్తలేదు. తెరంత ఉసికె పోసినట్టు గొడుతున్నది.”

అది యాంటెనాతో నడిచే రకం. గాలిలో వచ్చే సిగ్నల్ పట్టి, పెన్‌డ్రైవులోకి రికార్డు చేస్తుంది. సదానందం తల గోక్కున్నాడు.

“మీ క్వార్టర్ ఎక్కడ కాకా?”

“ఓపెన్‌కాస్టు బాయి తవ్విపోసిన మట్టిగుట్ట కింద.”

“మరి నిన్న చెప్పకపోతివి. ఆ గుట్ట అడ్డముంటే యాంటెనాకు ఏమందుతది? కేబులుందా?”

“సగం క్వార్టర్లు ఖాళీ జేసిన్రు. వైరు గుంజుకపోయిన్రు.”

“అయితే డిష్షే పెట్టుకోవాలె. డిష్షు రికార్డరంటే ఇదే.” సదానందం నన్ను దించి, దుమ్ము తుడిచాడు. “ఒక్క మాట ముందే చెప్తున్న. దీంట్ల పడ్డది దీంట్లనే ఉంటది. ఇంకో డబ్బాలకు రాదు, ఫోనుల ఎక్కదు. కంపెనీ తాళం.”

ఓదెలు నవ్వాడు. “ఇంట్ల ఉంటే సాలు సేటు. బయటికెందుకు?”

నన్ను ఎందుకు కొన్నాడో ఇంటికి పోయాక తెలిసింది. ఆయన భార్య లస్మక్క బతుకమ్మ పాటలకు ఆ వాడలో పెట్టింది పేరు. కిందటేడు పండుగకు ఎవరో టీవీవాళ్ళు వచ్చి, బాయి పనివాళ్ళ ఆడవాళ్ళు పాడుకునే పాటలని చెప్పి లస్మక్క పాటను కెమెరాలో పట్టుకుపోయారు. ఆ పాట ఆమె సొంతంగా కట్టుకున్నది. ఆ తరవాత చలికాలంలో ఆమె గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. ఎండాకాలం వచ్చేసరికి హైదరాబాదులో డాక్టర్లు క్యాన్సరని గొంతుపెట్టె తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రం, దానిమీద తెల్లటి నూలుగుడ్డ. మాట లేదు. ఎవరినైనా పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టేది.

ఇప్పుడు మళ్ళీ పండుగ దగ్గరపడుతుంటే, ఆదివారం సాయంత్రం ఆ పాట వేస్తున్నామని టీవీవాళ్ళు ఫోను చేశారు. ఆ గొంతు ఇక లోకంలో మరెక్కడా లేదు. అందుకే నేను.

ఆదివారం పొద్దుగూకకముందే ఇల్లు నిండింది. పక్క క్వార్టర్ సుగుణ ముందు వరసలో కూర్చుంది. అంతలో గుట్ట వెనకనుంచి మబ్బు లేచింది. గట్టి వానకు డిష్షు తట్టుకోదు. ఓదెలు గొడుగు పట్టుకుని నిచ్చెనెక్కాడు. డిష్షుకు గొడుగు పడితే వాన ఆకాశంలో ఆగుతుందా? ఆయనకు అది చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా దిగేవాడు కాదు.

పాట మొదలైంది.

“బాయి నోట్లకు దిగినవాడా, బొగ్గు మసిల కలిసినవాడా...”

నేను ఎన్నో గొంతులు మోశాను. అటువంటిది మరొకటి వినలేదు. ఎండిన నేల మీద నీళ్ళు చల్లినప్పుడు లేచే వాసన లాంటి గొంతు. నడుమలో వాన ముంచుకొచ్చింది. బొమ్మ ముక్కలై ఆగిపోయింది. మళ్ళీ తేరుకునేసరికి చివరి చరణం నడుస్తోంది.

ఓదెలు తడిసి ముద్దయి దిగాడు. “పడ్డదా?”

“పడ్డది బావా,” అంది సుగుణ. “నడుమ జర పోయింది.”

ఆయన తుండుతో మొహం తుడుచుకోకుండానే పాటను మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు. లస్మక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెవైపు ఎవరూ చూడలేదు.

ఆనాటినుంచి ఇంటికి ఎవరొచ్చినా ఓదెలు రిమోటు తీసేవాడు. వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. “ఏం గొంతు ఉండె లస్మక్కది!” అనేవారు. ‘ఉండె’ అనే మాట ఆమె చేతి చాయ తాగుతూ, ఆమె ఎదుటే అనేవారు. మనిషి పక్కన నిలబడి ఉండగా, తెరను చూసి కళ్ళు తుడుచుకునేవారు. పాట తెగిపోయిన చోట అందరూ నిట్టూర్చేవారు. ఆ కాస్త సేపు గుమ్మంలో ఆమె పెదవులు కదిలేవి. పోయిన వరుసను ఆమె పాడుకునేది. అది చూసింది నేనొక్కణ్ణే.

ఒక మధ్యాహ్నం, ఓదెలు డ్యూటీలో ఉండగా, లస్మక్క నా ముందు కూర్చుంది. ఆమెకు చదువు రాదు గానీ, రోజూ చూసి చూసి మీటలన్నీ తెలుసు. పాట పెట్టుకుని మొత్తం విన్నది. అయిపోయాక ఎర్రమీట నొక్కింది. తుడిచేయమంటావా అని తెరమీద అడిగాను. చాలాసేపు నన్నే చూసింది. మళ్ళీ నొక్కింది.

ఒక నిజం చెప్పాలి. తుడవడమంటే మాకు పేరు కొట్టేయడమే. దాని మీద వేరే ఏదైనా పడేదాకా అసలుది లోపలే ఉంటుంది. కాకపోతే దాన్ని పిలిచే పేరు ఉండదు. పేరు లేనిదాన్ని నేను పైకి తేలేను.

సాయంత్రం ఓదెలు తన తోడల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పాట కోసం అటూ ఇటూ నొక్కాడు.

“లస్మీ, పాటేదే?”

ఆమె తన గుండె మీద చెయ్యి వేసుకుంది.

“నువ్వే దుడిచినవా?” రిమోటు కింద పడేశాడు. “నీ గొంతు నువ్వే పిసుక్కుంటివి గదనే!”

తోడల్లుడు మెల్లగా లేచి బయటికి పోయాడు. లస్మక్క దగ్గరికొచ్చి, ఓదెలు గడ్డం పట్టుకుని, తెరమీదనుంచి ఆయన మొహాన్ని తనవైపు తిప్పుకుంది. ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. ఆమె వేళ్ళు గాలిలో అలాగే ఉండిపోయాయి.

తరవాత ఆ ఇంట్లో మాట రానివాళ్ళొకరు, మాట్లాడనివాళ్ళొకరు. నా డిస్కు చప్పుడు ఒక్కటే వినపడేది.

బతుకమ్మ వచ్చింది. క్వార్టర్ల నడుమ వాకిట్లో పూలు పేర్చి, ఆడవాళ్ళు లస్మక్కను చెయ్యి పట్టి లాక్కుపోయారు. ఆ ఏడు ఓదెలుకు పొద్దుటి మొదటి షిఫ్టు పడింది. ఎన్నో ఏళ్ళకు పండుగపూట సాయంత్రం ఇంట్లో ఉన్నాడు. తీసి ఉన్న తలుపులోంచి నాకు వాకిలి కనబడుతోంది.

“అక్కా, నీ పాటనే పాడుదం,” అంది సుగుణ. “వానల పోయిన వరుస ఏందో చెప్పు.”

లస్మక్క చప్పట్లతో తాళం వేస్తూ పెదవులు కదిపింది. సుగుణ ఒక్కో మాటా పట్టుకునేందుకు తంటాలు పడింది. “మసి... మసి గడిగితె...” తప్పు చెప్పినప్పుడల్లా లస్మక్క తల అడ్డంగా ఊపింది. ఒకసారి సుగుణ ఏదో వెర్రిమాట అంటే భుజాలు అదిరేలా నవ్వింది, చప్పుడు లేకుండా. చివరికి సుగుణ అందుకుంది:

“మసి గడిగితె నువ్వేనా అని, మాపటేళ జూసుకుంటి.”

గడపలో కూర్చున్న ఓదెలు బిగుసుకుపోయాడు. ఆ పాట తన గురించని ఆయనకు అప్పటిదాకా తెలియదు; బాయిలో దిగేవాళ్ళందరి గురించి అనుకున్నాడు. పండుగలన్నీ బాయి లోపలే గడిచాయి. బాయినుంచి వచ్చి మొహం కడుక్కునేటప్పుడు ఆమె తువ్వాల పట్టుకుని ఎందుకు అలా చూస్తూ నిలబడేదో ఆయన ఏనాడూ అడగలేదు.

ఆట అయ్యాక ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నాకు సుత చెప్పు. మెల్లగ. నీ నోటితోటి.”

అప్పటినుంచి ఆమె పెదవులు చదవడం నేర్చుకున్నాడు. తప్పులు చదివేవాడు. ఉప్పు అంటే పప్పు తెచ్చేవాడు. పొద్దస్తమానం ఆమె మొహమే చూసేవాడు. టీవీ ముట్టుకోలేదు. రీచార్జి అయిపోయింది, చేయించలేదు. నా మీద లస్మక్క ఒక అల్లిక గుడ్డ కప్పింది. నా బతుకులో మంచిరోజులు అవే.

అవి ఎక్కువకాలం సాగలేదు. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది. మళ్ళీ ఎండలు ముదిరేలోపు ఆమె వెళ్ళిపోయింది. చివరిరోజు ఆమె పెదవులు ఏదో అన్నాయి. ఆయన “ఆఁ, సరే” అన్నాడు. ఏమన్నదో నాకు తెలియదు. నాకు పెదవులు చదవడం రాదు.

దినాలు కాగానే నన్ను సంచిలో పెట్టుకుని సదానందం దగ్గరికి పోయాడు. “దుడిచింది మళ్ళ రాదా సేటు? ఒక్కసారి ఇంటె సాలు.”

సదానందం నన్ను ప్లగ్గుకు తగిలించి, ఊరికే ఇటూ అటూ తిప్పాడు. “ఎట్ల వస్తది కాకా? నేను చెప్తిగద, కంపెనీ తాళం.”

ఉంది, నాలోనే ఉంది అని అరవాలనిపించింది. నా ముందున్న చిన్న దీపం ఒక్కటే వెలిగి ఆరింది.

ఓదెలు నన్ను ఇంటికి తెచ్చి మళ్ళీ అరలోనే పెట్టాడు. మళ్ళీ బతుకమ్మకు సుగుణ ఆ పాట ఎత్తుకుంది. నడిమి వరుస చక్కగా పాడి, ఓదెలు దగ్గరికి వచ్చి, “బాగచ్చిందా బావా?” అని అడిగింది.

“మంచిగ పాడినవ్ సుగుణా,” అన్నాడు. “గని ఆమె గొంతు గాదు.”

రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేనాడు పాతసామాన్ల బండి వచ్చింది. వంగిన డిష్షు, తుప్పు పట్టిన మంచం, నేను. బండివాడు నన్ను ఇనుము మీదికి విసరబోతుంటే ఓదెలు వాడి చెయ్యి పట్టుకున్నాడు.

“పైలంగ పెట్టరాదు?”

“ఖరాబైన డబ్బాకు పైలమేంది కాకా?”

ఓదెలు నన్ను తానే తీసుకుని, తుండుతో దుమ్ము తుడిచి, బండిమీద పాతగుడ్డల మూట పక్కన మెల్లగా ఆనించాడు. బండి కదిలి గుట్ట మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.