అంచు విరిగిన గ్లాసు

ఆదివారం ప్రభు బల్లలో ద్రాక్షరసం పోసి ఇచ్చే గ్లాసులను దేవమణి కడిగి తుండుగుడ్డ మీద బోర్లిస్తోంది. చీపురుపల్లి చర్చిలో శనివారం ఆమె పని అదే. భర్త పోయాక చేరింది, మానలేదు. బొటనవేలంత గ్లాసులు. అంచు విరిగిందని పాస్టరు పక్కన పెట్టిన ఒకదాన్ని ఎప్పుడో సంచిలో వేసుకుంది. దాంతోనే సిరప్ కొలుచుకుంటుంది.

ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టినప్పుడు పొటాషియం తగ్గి కాళ్లు లాగేశాయి. ఆసుపత్రిలో వారం రోజులకని, పొటాషియం పెంచే ఆ సిరప్ రాశారు. నయమైనా ఆమె తాగుతూనే ఉంది. ఈమధ్య వేరే డాక్టరు బీపీ మాత్ర మార్చాడు. ఇంకేం మందులు వాడుతున్నావని అడిగితే పాత మాత్రల అట్ట చూపించింది. సిరప్ మందని ఆమె అనుకోలేదు.

మధ్యాహ్నం సీసా, కొత్త మాత్రల అట్ట పట్టుకుని, అవే మళ్లీ కొనడానికి మందుల షాపుకు వెళ్లింది. షాపాయన నగరేశ్వరరావు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇవి రెండూ కలిపి ఏసుకుంతన్నావేటి?"

"సిరప్పు బలానికి బాబూ."

"బలానికైతే నానూ తాగుదును. ఈ మాత్రకే పొటాషియం పెరుగుతాది. పైన ఇది తాగితే గుండె మీదకొస్తాది. సిరప్పు ఆపీసి, ఇయ్యాలే రక్తం పరీక్ష సేయించుకో."

"రేపు ప్రభు బల్ల ఉన్నాది. సోమారం ఎల్తాను."

ఆయన కొత్త సీసా ఇవ్వలేదు. పాతది తిరిగి సంచిలో పెట్టుకుంది. అడుగున కొంత మిగిలి ఉంది.

చర్చి మెట్ల దగ్గర కాళ్లు లేవలేదు. గోడ పట్టుకుని లోపలికొచ్చింది. చెల్లెలు గ్లోరీ ఊడవడం ఆపింది.

"ఏటే అక్కా, అలగున్నావు?"

"కాళ్లు లాగుతన్నాయి. అప్పుడూ ఇలాగే లాగితే సిరప్పుతోనే లేసినాను. షాపుబాబేమో వొద్దంతన్నాడు."

"వొద్దంతే మానీ."

"రేపు గ్లాసులెవులు అందిస్తారు, నువ్వా? పాస్టరు సొక్కా మీద పోసీగలవు."

గ్లోరీ నవ్వి, నీళ్లు తేవడానికి బిందె తీసుకుని బయటికెళ్లింది.

పొటాషియం ఎక్కువైనా కాళ్లు అలాగే లాగుతాయని దేవమణికి తెలియదు. కిటికీ దగ్గరకెళ్లింది. రోజూ ఒక గ్లాసే, నీళ్లలో కలుపుకుని తాగేది. ఇవాళ నీళ్లు కలపలేదు. గ్లాసు మీద గ్లాసు పోసుకుని సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది. తర్వాత చివరి బెంచీ మీద కూర్చుని గ్లాసులు తుడవడం మొదలుపెట్టింది.

గ్లోరీ వచ్చేసరికి ఆమె తల గోడకు ఆని ఉంది. గుడ్డ ఒళ్లో ఉంది. పిలిస్తే పలకలేదు. అంబులెన్సు వాళ్లు వచ్చి నాడి చూశారు, గుండె నొక్కారు. కాసేపటికి ఆపేశారు.

బల్ల మీద గ్లాసులు బోర్లించి ఉన్నాయి. అంచు విరిగింది మాత్రం కిటికీలో నిలబెట్టి ఉంది, అడుగున సిరప్ ఇంకా ఆరలేదు.